మొదటి రౌండు ఆపుకుంటే నాలుగో రౌండు వస్తుంది: ఈవెంట్స్‌కు తయారవుతున్న కొండపి కుర్రాడికి

అడిగిన ప్రశ్న ఇది: "సార్, మాది కొండపి దగ్గర పల్లె. వయసు 23, ఎత్తు 168.5 సెంటీమీటర్లు, బరువు 76 కిలోలు. వచ్చే కానిస్టేబుల్ నోటిఫికేషన్‌కు ఇప్పటి నుంచే ఈవెంట్స్ (పరుగు, లాంగ్ జంప్ పరీక్షలు) ప్రాక్టీస్ మొదలుపెట్టాను. రోజూ పొద్దున 1600 మీటర్లు ఫుల్ స్పీడులో కొడుతున్నాను. రెండు నెలలైనా 9 నిమిషాల 10 సెకన్ల దగ్గరే ఆగిపోయింది. రౌండ్లు 1:40, 2:15, 2:35, 2:40 పడుతున్నాయి. మోకాలి కింద ముందు ఎముక నొప్పి. లాంగ్ జంప్ 3.40 పడుతోంది. ఈవెంట్స్ రోజు ఇంజెక్షన్ వేయించుకుంటే నొప్పి తెలియదని ఫ్రెండ్ అంటున్నాడు. మూడు నెలల్లో 8 నిమిషాల లోపు వస్తుందా? మా చెల్లి కూడా రాస్తోంది."

నాయనా, వస్తుంది. నీ ప్రశ్న మొత్తంలో నాకు బాగా పనికొచ్చింది నువ్వు రాసిన ఆ నాలుగు రౌండ్ల టైములు. చాలామంది మొత్తం టైము చెప్పి ఊరుకుంటారు. నువ్వు విడివిడిగా రాశావు కాబట్టి జబ్బు ఎక్కడుందో ఇక్కడి నుంచే కనిపిస్తోంది.

నేను ప్రకాశం జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేశాను. రిటైరయ్యాక ఒంగోలులో ఉంటూ, పొద్దున పూట పీవీఆర్ హైస్కూల్ గ్రౌండ్‌కు వచ్చే పిల్లలకు టైము చూసిపెడుతున్నాను. సింగరాయకొండ, కందుకూరు, కావలి వైపు నుంచి కూడా వస్తుంటారు. వాళ్లందరిలో నేను చూసిన మొదటి తప్పే నీదీ.

ఒకసారి లెక్క చూడు. 1600 మీటర్లంటే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు. 8 నిమిషాల్లో అవ్వాలంటే రౌండుకు 2 నిమిషాలు, అంటే ప్రతి 100 మీటర్లకు 30 సెకన్లు. నువ్వు మొదటి రౌండు 1:40లో కొడుతున్నావు. ఆ స్పీడు చివరిదాకా నిలబడితే 6 నిమిషాల 40 సెకన్లకే అయిపోవాలి. ఆ స్పీడుకు నీ ఊపిరి ఇంకా తయారు కాలేదు. అందుకే రెండో రౌండులో 35 సెకన్లు, మూడో రౌండులో ఇంకో 20 సెకన్లు పడిపోయాయి. మొదటి రౌండులో 20 సెకన్లు మిగిల్చాననుకున్నావు. మిగతా మూడు రౌండ్లలో 90 సెకన్లు పోగొట్టుకున్నావు.

పోయిన చలికాలం ఒక అబ్బాయి అచ్చం ఇలాగే పరిగెత్తేవాడు. మొదటి రౌండులో అందరికంటే ముందు ఉండేవాడు. మూడో రౌండు వంపు దగ్గరికి వచ్చేసరికి భుజాలు చెవుల దాకా లేచేవి, పిడికిళ్లు బిగుసుకునేవి, తల పక్కకు వాలిపోయేది. నేను వాడికి ఒకటే పని చెప్పాను. ట్రాక్ మీద ప్రతి 100 మీటర్లకూ సున్నంతో గీత గీసి, చేతికి వాచీ ఇచ్చి, ఏ గీత దగ్గరికీ 30 సెకన్ల కంటే ముందు రావద్దన్నాను. మొదటి రోజు 24 సెకన్లకే వచ్చాడు, వెనక్కి పంపాను. మళ్లీ 26. అయిదో సారికి 30 పడింది. "ఇది పరుగేనా సార్, నడకలా ఉంది" అన్నాడు. ఆ నడకలా ఉన్న పరుగుతోనే ఆరు వారాల తర్వాత 7 నిమిషాల 48 సెకన్లలో ముగించాడు. కాబట్టి నీ కాళ్లకు ముందు తెలియాల్సింది 2 నిమిషాల రౌండు ఎలా ఉంటుందన్నది. వాచీ చూడకుండానే అది ఒంటికి తెలిసిపోవాలి.

దానికి ముందు నొప్పి సంగతి తేల్చుకోవాలి. రోజూ ఫుల్ స్పీడు, గట్టి నేల, బహుశా అరిగిపోయిన కాన్వాస్ బూట్లు. ఈ మూడూ కలిస్తే మోకాలి కింద ముందు ఎముకకు నొప్పి రాకుండా ఉండదు. కూర్చుని బొటనవేలితో ఆ ఎముక లోపలి అంచు వెంట పైనుంచి కిందికి నొక్కుకుంటూ రా. జానెడు పొడవునా కొద్దికొద్దిగా నొప్పి ఉంటే, కండ ఎముకను పట్టుకునే చోట వాపు వచ్చిందనుకోవచ్చు. రెండు వారాలు పరుగు ఆపి, రోజుకు రెండు మూడు సార్లు పావుగంట గుడ్డలో చుట్టిన ఐసు పెడితే చాలావరకు దారికొస్తుంది. అలా కాకుండా ఒక్క చోటే, రూపాయి బిళ్లంత మేర, నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి ఉన్నా, రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతున్నా ఎముకలో సన్నటి చీలిక ఉండొచ్చు. అప్పుడు ఆలస్యం చేయకుండా ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లు. మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కూడా. డాక్టరు విశ్రాంతి అంటే విశ్రాంతే.

ఆ రెండు వారాలు ఊరికే కూర్చోమనడం లేదు. నొప్పి పెంచనంత వరకు సైకిలు తొక్కు, రోజుకు 40 నిమిషాలు. చెరువులోనో బావిలోనో ఈత వస్తే ఇంకా మంచిది. ఊపిరి తగ్గదు, ఎముకకు దెబ్బ తగలదు.

ఇంజెక్షన్ మాట మాత్రం మనసులోంచి పూర్తిగా తీసెయ్. నొప్పి అనేది ఒళ్లు వేసే కేక. ఇంజెక్షన్ ఆ కేక వినపడకుండా చేస్తుందే తప్ప దెబ్బను మాన్పదు. చీలిక ఉన్న ఎముక మీద నొప్పి తెలియకుండా పరిగెత్తితే విరిగేదాకా తెలియదు. 2024లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ సెలక్షన్లలో 10 కిలోమీటర్ల పరుగు పెట్టినప్పుడు పది మందికి పైగా కుర్రాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లూ ఇంచుమించు నీ ఈడు వాళ్లే. ఎవరో ఇచ్చిన ఇంజెక్షన్, పేరు తెలియని పౌడరు, ఖాళీ కడుపున ఎనర్జీ డ్రింక్ లాంటివి ఏవీ వద్దు. మీ ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో గుండెతో పోయి ఉంటే, నీకు ఎప్పుడైనా పరుగులో కళ్లు తిరిగి ఉంటే, మొదలుపెట్టే ముందే ఒక ఈసీజీ, బీపీ చూపించుకో.

ఇక పరుగు. నొప్పి తగ్గాక మొదటి నెల స్పీడు జోలికే వెళ్లొద్దు. వారానికి నాలుగు రోజులు, రౌండుకు 3 నిమిషాల చొప్పున అరగంట. పక్కన పరిగెత్తేవాడితో మాట తెగకుండా మాట్లాడగలగాలి, అదీ కొలత. నీకు ఇది టైము వేస్టులా అనిపిస్తుంది. కానీ గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం పంపడం, కండరాలు ఆక్సిజన్‌ను బాగా వాడుకోవడం నేర్చేది ఈ నెమ్మది పరుగులోనే. రోజూ ఫుల్ స్పీడులో కొట్టేవాడికి ఒళ్లు కోలుకునే సమయం దొరకదు. నువ్వు రెండు నెలలుగా 9:10 దగ్గర ఆగిపోవడానికి కారణం అదే. రోజూ పరీక్షే రాస్తున్నావు, చదువుకునే రోజు లేదు.

రెండో నెల నుంచి వారానికి ఒక్క రోజు, బుధవారం అనుకో, స్పీడు పని పెట్టు. మొదటి వారం 200 మీటర్లు సరిగ్గా ఒక్క నిమిషంలో, ఎనిమిది సార్లు, మధ్యలో ఒక నిమిషం నడక. తర్వాతి వారం 400 మీటర్లు 2 నిమిషాల్లో నాలుగు సార్లు, మధ్యలో 3 నిమిషాల విరామం. అక్కడి నుంచి స్పీడు పెంచొద్దు, విరామం తగ్గించు. 3 నిమిషాలు, రెండున్నర, 2, ఒకటిన్నర. వారానికి అర నిమిషం చొప్పున. ఇందులో కిటుకేమీ లేదు. విరామం తగ్గేకొద్దీ ఆ నాలుగు ముక్కలూ దగ్గరికి జరిగి చివరికి ఒకే పరుగు అవుతాయి. మూడో నెల రెండో వారంలో 800 మీటర్లు 4 నిమిషాల్లో రెండు సార్లు, మూడో వారంలో 1200 మీటర్లు 6 నిమిషాల్లో ఒక్కసారి. ఆ 1200 అయ్యాక "ఇంకో రౌండు కొట్టగలను" అనిపిస్తే నువ్వు 8 నిమిషాల మనిషివే. అప్పుడు రౌండుకు 1:55 అలవాటు చేసుకో. 7:40కి అలవాటు పడినవాడికి ఆ రోజు టెన్షన్‌లో 10 సెకన్లు పోయినా ఇంకా 10 సెకన్లు చేతిలో ఉంటాయి.

పూర్తి 1600 ట్రయల్ రెండు మూడు వారాలకు ఒకసారి చాలు. చివరి పది రోజులు పరుగు సగానికి తగ్గించు. భయంతో చివరి వారం ఎక్కువ కొట్టి కాళ్లు అలిసిపోయి వచ్చేవాళ్లను ప్రతి సెలక్షన్‌లోనూ చూస్తాను. చూస్తే మనసు చివుక్కుమంటుంది.

మీ ఊళ్లో 400 మీటర్ల ట్రాక్ ఉండదని తెలుసు. ఫోన్‌లో యాప్ పెట్టుకుని చిన్న గ్రౌండ్‌లో గుండ్రంగా తిరిగితే దూరం సరిగ్గా రాదు, వంపుల్లో తప్పు లెక్క చూపిస్తుంది. మీ హైస్కూల్ పీఈటీ సారును అడిగి టేపుతో 200 మీటర్ల చుట్టు కొలిపించుకో. అదీ కుదరకపోతే రోడ్డు పక్కన 200 మీటర్లకు ఒకటి చొప్పున చిన్న రాళ్లు ఉంటాయి, ఎనిమిది రాళ్ల దూరం నీ 1600. అయితే హైవే మీద వద్దు. చీకట్లో లారీలు వచ్చే దారిలో పరిగెత్తడం కంటే ప్రాక్టీస్ మానేయడమే మేలు. కొత్తపట్నం బీచ్‌కు వెళ్లి ఇసుకలో పరిగెత్తితే కాళ్లు గట్టిపడతాయంటారు. నీ నొప్పికి మెత్తటి ఇసుక మంచిది కాదు, మడమ లోపలికి దిగి పిక్క ఇంకా లాగుతుంది. ఎర్రమట్టి నేల అన్నిటికంటే మంచిది.

మన వైపు ఎండ గురించి నీకు నేను చెప్పేదేముంది. ఎండాకాలంలో ఆరు లోపే పరుగు ముగించెయ్. పడుకునే ముందు, లేవగానే నీళ్లు, అయ్యాక ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ. పరిగెత్తుతుండగా ఎండలో చలి పుట్టినట్టు రోమాలు లేచినా, గుండెలో నొప్పి వచ్చినా, మాట తడబడినా అక్కడికక్కడే ఆగి నీడకు వచ్చి ఒంటి మీద నీళ్లు పోయించుకుని ఆస్పత్రికి వెళ్లాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇటు ఒంగోలు, అటు నెల్లూరు వానల్లో నానుతుంటాయి. గ్రౌండ్ బురదయితే మానేయకుండా ఇంట్లోనే తాడాట పావుగంట, మెట్లెక్కడం, గుంజీలు తీయి.

బూట్లు కొనుక్కో. ఖరీదైనవి అక్కర్లేదు, మడమ కింద మెత్తగా ఉండి, బొటనవేలి ముందు వేలెడు ఖాళీ ఉంటే చాలు. ఈవెంట్స్ రోజుకు కనీసం నెల ముందు నుంచీ అవే వాడాలి.

బరువు మూడు నెలల్లో మూడు నాలుగు కిలోలు తగ్గితే నీ టైము దానంతటదే తగ్గుతుంది. అంతకంటే ఆశపడి పస్తులుండొద్దు. రాత్రి అన్నం సగం చేసి ఆ ఖాళీలో పప్పు, ఆకుకూర, రెండు గుడ్లు పెట్టు. మధ్యాహ్నం రాగి సంగటి, చేపల పులుసు ఉంటే అంతకంటే ఏం కావాలి. పొద్దున పరుగుకు ముందు ఒక అరటిపండు, అయ్యాక నానబెట్టిన పెసలు, వేరుశెనగలు. బజ్జీలు, కూల్ డ్రింకులు ఈ మూడు నెలలు పక్కన పెట్టు.

రూల్స్ ఒకసారి గుర్తుచేస్తాను. 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లకు 1600 మీటర్లు 8 నిమిషాలు, 100 మీటర్లు 15 సెకన్లు, లాంగ్ జంప్ 3.80 మీటర్లు. సివిల్‌కు (స్టేషన్లలో పనిచేసే కానిస్టేబుళ్లకు) 1600 తప్పనిసరి, మిగతా రెండింటిలో ఒకటి చాలు. ఏపీఎస్పీకి (స్పెషల్ పోలీసు బెటాలియన్లకు) మూడూ కావాలి, పైగా మార్కులుంటాయి. కొత్త నోటిఫికేషన్ వచ్చాక దాన్ని అక్షరం వదలకుండా చదువుకో. నువ్వు 100 మీటర్ల టైము రాయలేదు. ఒకసారి కొట్టి చూడు. 15 లోపు వస్తే సివిల్‌కు అదే నీ రెండో ఈవెంట్. లాంగ్ జంప్ మీద పెట్టే శ్రమ తగ్గుతుంది.

అయినా 3.40 నుంచి 3.80 అంత దూరమేమీ కాదు. నీలాంటి వాళ్లలో నేను చూసే లోపం బోర్డు (ఎగిరే ముందు కాలు పెట్టే చెక్క) దగ్గర అడుగు సర్దుకోవడం. చివరి మూడడుగుల్లో తడబడి, అడుగులు కుదించి, స్పీడంతా అక్కడే పోగొట్టుకుంటారు. బోర్డు దగ్గర నుంచి గుంటకు ఎదురు దిక్కులో పరిగెత్తుకుంటూ 15 అంగలు లెక్కపెట్టి, అక్కడ ఒక గుర్తు పెట్టుకో. రోజూ ఆ గుర్తు నుంచే మొదలుపెట్టు. బోర్డు వైపు చూడకు, గుంట అవతల ఉన్న చెట్టు వైపు చూడు. కాలు పెట్టగానే రెండో మోకాలు పైకి లేపు. పడేటప్పుడు రెండు కాళ్లూ ముందుకు చాపి, చేతులు ముందుకే విసురు. వెనక్కి చెయ్యి ఆనిస్తే కొలత ఆ చెయ్యి పడిన చోటికే, జానెడు పోతుంది. మొదటి జంప్ సేఫ్‌గా, బోర్డుకు నాలుగు వేళ్ల వెనకనుంచే వెయ్యి.

ఇప్పుడు నువ్వు అడగని మాట ఒకటి చెప్పాలి. నాకు నీ 1600 కంటే నీ ఎత్తు గురించే బెంగగా ఉంది. కావాల్సింది 167.6, నీది 168.5. తేడా 9 మిల్లీమీటర్లు. మనిషి పొద్దున లేచినప్పటి కంటే సాయంత్రానికి సుమారు సెంటీమీటరు తగ్గుతాడు, వెన్నుపూసల మధ్య మెత్తటి పొరలు రోజంతా నలిగి పల్చబడతాయి కాబట్టి. నువ్వు పొద్దున కొలుచుకున్నావా, సాయంత్రమా? మధ్యాహ్నం మూడింటికి, బూట్లు లేకుండా, గోడకు మడమలు, పిర్రలు, భుజాలు ఆనించి మళ్లీ కొలిపించుకో. దగ్గర దగ్గరగా ఉంటే ముందు రోజు రాత్రంతా బస్సులో కూర్చుని రావొద్దు. ముందు సాయంత్రమే ఊరు చేరి, బాగా పడుకుని, ఆ పొద్దున ఎక్కువసేపు నిలబడకుండా, బరువులు మోయకుండా ఉండు. కొలిచేటప్పుడు గడ్డం పైకెత్తితే తల వెనక్కి వాలి ఎత్తు తగ్గుతుంది. చూపు నేరుగా ఉంచు.

ఛాతీ 86.3 సెంటీమీటర్లు ఉండి, ఊపిరి పీల్చితే 5 సెంటీమీటర్లు పెరగాలి. నీ ఒంటికి మొదటిది సమస్య కాదు. రెండో దానికి టైలర్ టేపు తీసుకుని రోజూ పది సార్లు పక్కటెముకలు విచ్చుకునేలా పీల్చడం అలవాటు చేసుకో. పొట్ట ఉబ్బిస్తే టేపు కదలదు. తేడా ఎక్కువ చూపించాలని ఊపిరి మొత్తం వదిలేసి 86.3 కంటే కిందికి పోయిన కుర్రాళ్లున్నారు, అది చూసుకో.

ఈవెంట్స్ రోజు గుంపులో పరిగెత్తాలి. విజిల్ పడగానే అందరూ బాణంలా దూసుకుపోతారు. నువ్వు మాత్రం వెళ్లకు. మొదటి 200 మీటర్లు వెనకబడినట్టే ఉంటుంది, ఉండనీ. రెండో రౌండు సగానికి వాళ్లు ఒక్కొక్కరే నీ దగ్గరికి వస్తుంటారు. దాటాలంటే తిన్నటి దారిలోనే దాటు. వంపుల్లో ఒక లైను బయట పరిగెత్తితే రౌండుకు ఏడు మీటర్ల పైనే ఎక్కువవుతుంది. నాలుగు రౌండ్లూ అలాగే పోతే ముప్పై మీటర్లు, నీ స్పీడుకు 9 సెకన్లు. 8 నిమిషాల 5 సెకన్లకు ఆగిపోయి గ్రౌండ్ బయట కూర్చుని ఏడ్చిన పిల్లలను చూశాను. వాళ్లలో కొందరు ఊపిరి చాలక ఓడిపోలేదు, దారి ఎక్కువ పరిగెత్తి ఓడిపోయారు.

మీ చెల్లికి 1600 మీటర్లు 10 నిమిషాల 30 సెకన్లు, అంటే రౌండుకు 2:37. 100 మీటర్లు 18 సెకన్లు, లాంగ్ జంప్ 2.75. ఎత్తు 152.5, బరువు 40 కిలోలకు తగ్గకూడదు. పరుగు మొదలుపెట్టే ముందు ప్రభుత్వాసుపత్రిలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించు. 12 కంటే తక్కువుంటే రక్తహీనత ఉన్నట్టే. ఎంత ప్రాక్టీస్ చేసినా మూడో రౌండులో కాళ్లు బరువెక్కుతాయి, బద్ధకమని మనం తిడతాం. ఐరన్ మాత్రలు డాక్టరు చెప్పినన్నాళ్లు వాడి, మునగాకు, బెల్లం, మాంసం తింటూ మొదలుపెడితే ఆ అమ్మాయి పరుగే మారిపోతుంది. ఒంటరిగా చీకట్లో పంపొద్దు, నువ్వూ వెంట ఉండు. ఆమె అరగంట నెమ్మది పరుగు, నీ అరగంట నెమ్మది పరుగు కలిపి పెట్టుకోవచ్చు.

డేట్ రాలేదని ఆగొద్దు. 2022 నోటిఫికేషన్‌కు 2023 జనవరి 22న ప్రిలిమ్స్ (తొలి రాత పరీక్ష) జరిగితే, ఈవెంట్స్ 2024 డిసెంబరు 30న గానీ మొదలుకాలేదు. ప్రిలిమ్స్ పాసైన 95 వేల మంది దాదాపు రెండేళ్లు ఎదురుచూశారు. ఆ మధ్యలో కొందరు పనుల్లో పడి పూర్తిగా మానేశారు, డేట్ రాగానే నెల రోజుల్లో మొత్తం కొట్టేద్దామని వచ్చి కాళ్లు పాడుచేసుకున్నారు. వారానికి మూడు రోజులు అరగంట చొప్పున నెమ్మదిగా వదలకుండా పరిగెత్తినవాళ్లకు చివరి ఆరు వారాలు సరిపోయాయి.

ముందు ఆ ఎముకను బొటనవేలితో నొక్కి చూసి, నొప్పి పొడవునా ఉందో ఒక్క చోటే ఉందో రాయి. మధ్యాహ్నం కొలిచిన ఎత్తు, 100 మీటర్ల టైము కూడా పెట్టు. 100 మీటర్లు మాత్రం నొప్పి పోయాకే కొట్టాలి.